పదకొండు సెకన్ల దస్తగిరి

ఫర్వానియాలో, సెలూన్‌కీ మనీ ఎక్స్ఛేంజ్‌కీ మధ్య
ఇరుక్కున్న నాన్న టైపింగ్ సెంటర్‌లో
రాత్రి తొమ్మిదిన్నర దాటాక
కంప్యూటర్ నాది.
పగలంతా అకామాలు కొట్టిన పెట్టె
రాత్రి మా స్కూలు పాటను కోస్తుంది.

గురువారం లోపు కావాలంది లూర్దు మిస్.
నాలుగు నిమిషాల పాట, ముప్పై ఎనిమిది ముక్కలు.
జిన్సీ పాడినవి పంతొమ్మిది,
కళ్ళు తెరిచిన ప్రతిసారీ కెమెరాను చూసి నవ్వేసింది.
హాజెమ్ వేళ్ళు, కీబోర్డు మీద, దగ్గరగా,
ఇంకా దగ్గరగా (వాడే తీయించుకున్నాడు).
సాల్మియా ఒడ్డున మైకులో దూరిన గాలి.

దస్తగిరి మాత్రం పదకొండు సెకన్లు.

డ్రమ్స్ వాడివి. రెండో రోజు షూటింగుకి రాలేదని
అందరం తిట్టుకుంటుంటే
ఎయిర్‌పోర్టు నుంచి మెసేజ్ వచ్చింది.

ఆ పదకొండునే లాగుతున్నాను.
నలభై శాతం వేగానికి దించితే ఇరవై ఏడున్నర.
పుల్ల పైకి లేస్తుంది, లేస్తూనే ఉంటుంది,
కిందపడేసరికి దెబ్బ ఎప్పుడో వినబడిపోయింది.
వెనక్కి నడిపితే
చెమటచుక్క గడ్డం నుంచి నుదుటికి ఎక్కింది.
అద్దంలోలా తిప్పితే ఎడమచేతివాడు కుడిచేతివాడై
చొక్కా మీది అక్షరాలు నన్ను పట్టిచ్చాయి.
కంట్రోల్ జెడ్.
కంట్రోల్ జెడ్.

వెనక కుర్చీలో కుబుస్ తుంచుకుంటున్న నాన్న
"ఈ పిల్లోడు మన రాజంపేట షేక్షావలి కొడుకు గదా" అన్నాడు.
ఔనన్నాను. నమలడం ఆపాడు.
"వాళ్ళ నాయన కాగితం నేనే కొట్టినా పాపా.
నలుగురివీ. ఫైనల్ ఎగ్జిట్.
కఫీలు కార్లోనే కూసున్యాడు, లోపలికి గూడా రాల్యా.
దినారున్నర పంపిచ్చిపాయ."

ఎంటర్ మీట మీద నాన్న వేలు అరగదీసిన గుంట ఉంది.
నా వేలు అందులో సరిగ్గా పడుతుంది.

కాసేపటికి అడిగాడు,
"అది ఎన్నిసార్లు వెనక్కి పోతాది?"
"నూరుసార్లు," అన్నాను.
"అంతకుముందువి దానికి గుర్తుండవు."

నిన్న దస్తగిరి ఒక వీడియో పంపాడు, నేనడక్కుండానే.
ఫోను నిలువుగా పట్టుకున్నది చెల్లెలనుకుంటా,
ఒక మూల చిన్న బొటనవేలు అడ్డం.
బోర్లించిన పెయింటు డబ్బా, దాని మీద స్టీలు పళ్ళెం.
వెనక ఇంకా విప్పని అట్టపెట్టెలు,
నల్ల మార్కరుతో పేరు, ఇప్పుడు పనిచేయని కువైట్ నంబరు.
ఎక్కడో కుక్కరు కూత, మేక అరుపు.
తాళం మాత్రం ఒక్క ఫ్రేము కూడా జారలేదు.

నిలువు బొమ్మను అడ్డం తెరలో పెడితే
రెండు పక్కలా నలుపు.
"జూమ్ చెయ్, పోతుంది," అన్నాడు హాజెమ్.
చేశాను. నలుపు పోయింది.
డబ్బా పోయింది, చేతులు పోయాయి,
గడ్డం ఒక్కటి మిగిలి ఊగుతోంది.
"పెట్టెలు కనబడకుండా మసక చెయ్," అంది జిన్సీ.
మంచి మనసుతోనే అంది.

రంగైనా కలుపుదామని చూశాను.
మావన్నీ దుమ్ముగాలి రోజు తీసినవి, పసుపు.
వాడిది వానమబ్బు నీలం.
స్లైడరు జరిపి వాడి మీద కువైట్ దుమ్ము పోశాను.
అచ్చం ఇక్కడే, మా పక్కనే కొడుతున్నట్టుంది.
బాగుంది. రెండుసార్లు చూసుకున్నాను.
తీసేశాను.

నలుపు అలాగే ఉంచాను.
పాట ఆగి ఊపిరి తీసుకునే చోట
కుక్కరు కూత కూడా.
మార్కులు పోతే పోనీ.

గుంటలో వేలు పెట్టి ఎక్స్‌పోర్ట్ నొక్కాను.
ఎనభై ఒక శాతం దగ్గర నిలబడిపోయింది.
లోపల ఫ్యాను రొద.
సగం దించిన షట్టరు కింద నుంచి ఎవరో వంగి,
పాస్‌పోర్టులు ముందు, ముఖం తర్వాత,
"అన్నా, ఒక్క కాగితం..." అన్నారు.

"పొద్దున రా నాయనా,
మిషను పనిలో ఉంది," అన్నాడు నాన్న.

ఎనభై రెండు.